సోది తిట్టయిపోయిన కాలం

మొన్న ధర్మవరంలో మా మనవడికి పాత సంగతొకటి చెప్పబోయాను. రెండు ముక్కలన్నా కాలేదు, ఫోన్లోంచి తలెత్తకుండానే "సోది ఆపు తాతా" అన్నాడు. వాణ్ణని ఏం లాభం? వాళ్లమ్మా అదే మాట అంటుంది, సినిమాల్లోనూ అదే మాట. అర్థంపర్థం లేని వాగుడికి సోది అని పేరు పెట్టేసి ఊరుకున్నారు.

నన్ను ఆపమన్నందుకు నాకు కోపం రాలేదు. ఇంట్లో ముసలివాణ్ణి ఆపడం కొత్తేం కాదు. ఆ మాటను అంత చౌక చేసినందుకు మండింది. మా రోజుల్లో సోది అంటే ఇంటిల్లిపాదీ నోరు మూసుకుని వినేది. ఎందుకంటే సోదిలో పలికేది సోదమ్మ కాదు, ఆ ఇంట్లో చచ్చిపోయినవాళ్లు.

సోదికి పోతే పాత రంకు బయటపడ్డట్టు అని సామెత ఉంది కదా. ఇప్పుడు దాన్ని నవ్వుకోడానికి వాడతారు. నన్నడిగితే ఆ వృత్తి లోతంతా ఆ ఒక్క సామెతలో ఉంది. మనం అడిగేది ఒకటి, ఆమె నోట వచ్చేది ఇంకొకటి. మనం కోరుకున్నది కాదు, మనం దాచుకున్నది బయటికి వచ్చేది. ఈ కాలం వాళ్లకు పనికిరానిది సరిగ్గా అదే.

1957. అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడాది కాబట్టి బాగా గుర్తు. నాకు పదేండ్లు. పెనుకొండ కొండ కనిపించేంత దూరంలో మా ఊరు. ఆ ఎండాకాలంలో మా పాడావు చచ్చింది, చిన్నాయనకు జ్వరం పట్టుకుని వదల్లేదు. ఇంటికేదో తగిలిందని మా జేజి ఒకటే గొణుగుడు. సరిగ్గా అప్పుడే వీధిలో "సోది చెబుతానమ్మా, సోదీ" అని గొంతు వినబడింది.

మనిషి సన్నగా, నల్లగా ఉండేది. మోచేతుల దాకా పచ్చబొట్లు. చంకలో బుట్ట, అందులో గుడ్డలో చుట్టిన కొల్లాపురమ్మ బొమ్మ, నాలుగు గవ్వలు, అరిగిపోయి నున్నగా మెరిసే మూరెడు కర్ర. జేజి చేటలో సోలెడు బియ్యం పోసి, తమలపాకు, వక్క, పసుపుకొమ్ము పెట్టి, పైన కొత్త పైసలు వేసింది. సోదమ్మ వాటిని చూపుడు వేలితో పక్కకు నెట్టింది.

"ఈ కొత్త దుడ్లు అమ్మకు తెలీవు తల్లీ, అణా పెట్టు" అంది.

జేజి కొంగుముడి విప్పి అణా తీసింది. సోదమ్మ జేజి అరచేతిని చేటలోని బియ్యం మీద ఆనించి, కర్రతో దాన్ని మెల్లగా తడుతూ దేవతలను పిలవడం మొదలుపెట్టింది. ఊరి దేవతలు, కొండ మీది దేవతలు, ఏటి గట్టు దేవతలు, ఎక్కడెక్కడివాళ్లో. పాటా కాదు, మాటా కాదు, రెంటికీ మధ్య ఒక సాగుడు. ఉన్నట్టుండి ఒక ఆవులింత వచ్చింది. ఇంకొకటి. మూడో ఆవులింతకు కళ్లు పైకి పోయాయి. గొంతు మగగొంతయింది.

పలికింది మా జేజబ్బ వాళ్ల అన్న. ఆయన పోయి అప్పటికి నాలుగేండ్లు. ఆవు ఎందుకు చచ్చిందో, జ్వరం ఎప్పుడు తగ్గుతుందో ఆయన చెప్పలేదు. నేరుగా తమ్ముణ్ణే పట్టుకున్నాడు.

"నా ఎనుమును అమ్మిన దుడ్లు యాడ పెట్టినావురా? నా పెండ్లాము గంజి తాగుతాంటే నీకు సంగటిముద్ద గొంతులో ఎట్ల దిగుతాందిరా?"

జేజబ్బ ఊళ్లో పంచాయతీలు చెప్పే మనిషి. ఆయన ముందు మా నాయన కూడా గొంతు పెంచేవాడు కాదు. అట్లాంటి మనిషి నేల చూపులు చూస్తూ, "తప్పయింది అన్నా" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు, అదే ఆఖరు. మరుసటి రోజు నుంచి వెనక గదిలో ఉండే ఆయన వదిన, మా పెద్దజేజి కంచం మా కంచాల వరసలోకి వచ్చింది. చిన్నాయన జ్వరం ఇంకో పది రోజులకు, హిందూపురం డాక్టరు మందుతో తగ్గింది.

ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. సోదమ్మ మా వాకిట్లోకి రాకముందు దొడ్డివైపు వెళ్లి మంచినీళ్లడిగింది. నీళ్లు పోసింది పెద్దజేజి. చెంబెడు నీళ్లు తాగడానికి అంతసేపు పట్టదు. చింతచెట్టు మీద ఉన్న నాకు వాళ్లిద్దరూ కనిపిస్తూనే ఉన్నారు, పెద్దజేజి కొంగుతో కళ్లు తుడుచుకోవడంతో సహా.

అంటే మోసమా? నేను దాదాపు డెబ్బయ్యేండ్లుగా ఆలోచిస్తున్నాను. మోసమే అనుకోండి. అయితే ఆ ఇంట్లో ఒక ముసలి ముండమోపి "నాకు కూడు సరిగ్గా పెట్టడం లేదు" అని నోరు తెరిచి చెప్పుకునే దారి ఇంకేదైనా ఉందా? కోర్టుందా, కచేరీ ఉందా? ఆమె మాట ఎవరూ వినరు. చచ్చిన మొగుడి మాటయితే అందరూ వింటారు. సోదమ్మ ఆ మాటను దొడ్డివాకిలి నుంచి ముందు వాకిలికి మోసుకొచ్చింది. సోలెడు బియ్యానికి, ఒక అణాకి.

ఆ మోతకు ఆమె పడ్డ పాట్లు చిన్నవి కావు. ఆమె కులమైన ఎరుకలవాళ్లను తెల్లదొరలు నేరస్థుల తెగ అని చట్టంలో రాసిపెట్టారు. 1871లో పుట్టిన ఆ చట్టం 1952 దాకా బతికింది. పేరు నమోదైన మగవాళ్లు ఠాణాలో హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి దాటాలి. ఏ ఇంట్లో చెంబు పోయినా ముందు వాళ్ల గుడిసెల మీదే పడేవాళ్లు. పగలు వాళ్ల ఆడమనిషి ముందు చేతులు జోడించిన ఇల్లే, రాత్రి కుక్క మొరిగితే వాళ్లనే అనుమానించేది. ఆ బతుకులో ఉండి కూడా పెద్దింటి వాకిట్లో కూర్చుని ఆ ఇంటి యజమానిని "ఏమిరా" అనాలంటే ఎంత గుండె కావాలి? దేవత పూనకపోతే ఆ ధైర్యం వస్తుందా? పూనిందనే అనుకుందాం.

ఊరి దేవరలోనూ ఇదే వరస. మా సీమలో దేవర అంటే దేవుడనే కాదు, ఊరమ్మకు చేసే జాతర కూడా. ఏడాదేడాదీ రాదు, కొన్నేండ్లకొకసారి ఊరంతా కూడబలుక్కుని చేస్తారు. అనంతపురం సీమ సొత్తయిన ఉరుముల మేళం వచ్చేది. ఆ వాద్యాన్ని ఒక మొగాన కొట్టి, ఇంకో మొగాన వంకీ పుల్లతో రుద్దితే, మబ్బు పట్టని ఆకాశంలో ఉరిమినట్టుండేది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన దక్కితే గొప్ప అనుకునే నేల మీద ఆ చప్పుడు వింటే దేవతే ఏం, మనుషులం మేమూ ఊగిపోయేవాళ్లం.

గణాచారి ఊగేది. పొద్దున మా ఇంటి బట్టలు ఉతికిన మనిషే. సాయంత్రానికి నోట్లో వేపమండ, జుట్టు విరబోసుకుని మారెమ్మ అయ్యేది. అయినంత మాత్రాన ఊరు ఊరికే నమ్మేది కాదు. అరచేతిలో కర్పూరం వెలిగించి, ఆరిందాకా చూసేవాళ్లు. ఆ తర్వాత బేరం.

"ఏం కావల్ల తల్లీ నీకు?"

"దున్నపోతు కావల్ల నాకు. పోయిన దేవరకే ఇస్తామని ఎగ్గొడితిరి."

"వానల్లేవు తల్లీ, చెనిక్కాయ తీగ మీదే ఎండిపాయ. ఈ తూరికి పొట్టేలుతో సరిపెట్టుకో."

"చెరువు కట్ట తెగితే పూడ్చినార్రా మీరు? నీళ్లు నేను ఇయ్యల్ల, మట్టి కూడా నేనే ఎయ్యల్లనా?"

చూశారా? మొదలుపెట్టింది దున్నపోతుతో, వచ్చి తేలింది చెరువు కట్ట దగ్గర. కట్టకు మట్టి వేయించాల్సిన పెద్దరెడ్డి అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పంచాయతీ ఆఫీసులో ఎవరూ అడగలేని మాటను బట్టలుతికే ఆమె నలుగురిలో అడిగేసింది. ఆయన తలూపాడు. గుళ్లో బలి ఇవ్వకూడదని 1950లోనే చట్టం వచ్చింది గానీ, ఆ సంగతి మా పొట్టేలుకు ఎవరూ చెప్పలేదు పాపం. కట్ట మాత్రం ఆ మాఘంలో పూడింది.

హిందువులకొక దారి, తురకలకొక దారి అని కూడా అప్పుడు లేదు. పెనుకొండ బాబయ్య దర్గాకు గాలి సోకినవాళ్లను తీసుకుపోయేవాళ్లం. సాంబ్రాణి పొగలో ఒకామె జుట్టు తిప్పుకుంటూ ఊగుతుంటే, పక్కన బొట్టు పెట్టుకున్న తల్లి, టోపీ పెట్టుకున్న ముసలాయన ఇద్దరూ కలిసి పట్టుకునేవాళ్లు. మా క్లాసులో పక్కీరప్పలు, కుళ్లాయప్పలు ఎంతమందో, అందరూ హిందువుల పిల్లలే. నార్పల పక్కన గూగూడులో పీర్ల పండుగకు కుళ్లాయస్వామి పీరును ఎత్తుకున్న మనిషి ఆవేశంతో అగ్నిగుండం తొక్కుతుంటే ఏ కులం వాళ్లు రాలేదని? ఇప్పుడూ వస్తున్నారు, కాదనను. కాకపోతే అప్పుడు దణ్ణం పెట్టుకోడానికి చేతులు రెండూ ఖాళీగా ఉండేవి. ఇప్పుడు ఒక చేతిలో ఫోను.

మాట పొదుపు సంగతి చెబుతాను వినండి. మా పక్కనే బళ్లారి సీమలో, హడగలి తాలూకాలో మైలారమని ఊరుంది. 1882లో అనంతపురాన్ని బళ్లారి నుంచి విడదీసేదాకా మేమంతా ఒక జిల్లా వాళ్లమే. అక్కడ మాఘ పున్నమి దాటిన తర్వాత జాతరలో గొరవయ్య ఒకాయన రోజుల తరబడి ఉపవాసముండి, ఎత్తైన విల్లు ఎక్కుతాడు. "సద్దలే" అని ఒక్క కేక వేస్తాడు. లక్షలమంది జనం గప్‌చుప్. ఆయన నోటినుంచి ఒకే ఒక్క వాక్యం వస్తుంది, కారణికమంటారు. ఆ వెంటనే పైనుంచి వెనక్కి పడిపోతాడు, కింద ఉన్నవాళ్లు పట్టుకుంటారు. అంతే. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని రైతులు ఏడాదంతా తర్కించుకుంటారు, వానలకా, ధరలకా, రాజ్యానికా అని. కర్నూలు వైపు దేవరగట్టులో దసరా రాత్రి కర్రల సమరం ముగిశాక చెప్పే భవిష్యవాణీ ఈ కోవలోదే.

ఏడాదికి ఒక్క వాక్యం! ఇప్పుడు టీవీ పెడితే పొద్దున అయిదింటి నుంచి చెబుతూనే ఉంటారు. ఏ రాశివాళ్లు ఏ రంగు చొక్కా వేసుకోవాలి, ఏ మూల ఏ బొమ్మ పెట్టాలి. హిందూపురం బస్టాండు దగ్గర గోడలు చూడండి. ప్రేమ, పెళ్లి, కోర్టు కేసు, వీసా, అన్నిటికీ ఇరవైనాలుగు గంటల్లో పరిష్కారం, కింద ఫోను నంబరు. మా బంధువు ఒకడు అట్లాంటి నంబరుకు ఫోన్ చేశాడు. తమ్ముడితో స్థలం తగాదా. అవతలి మనిషి గొంతు తేనె పోసినట్టుందట. "మీది ధర్మమైన పక్షం స్వామీ, మీ మీద ఎవరో చేయించారు" అన్నాడట. ముందు రెండువేలు, తర్వాత అయిదు, ఆ తర్వాత పూజకని పదిహేను. అన్నీ ఫోన్లోనే పంపాడు. తగాదా ఇంకా పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు వీడికి తనది ధర్మపక్షమని దేవుడి సంతకం దొరికింది కదా.

తేడా ఎక్కడుందో చూశారా? మా సోదమ్మ అయ్యుంటే ఆ స్థలంలో తమ్ముడి వాటా సంగతి అడిగేది. అందుకే ఆమెకు సోలెడు బియ్యం, వీడికి ఇరవైరెండు వేలు. నిలదీసే నోటికి కూలి తక్కువ, మెచ్చుకునే నోటికి ఎక్కువ.

చచ్చినవాళ్లను పలికించడం మన ఒక్కళ్ల పిచ్చి కూడా కాదు. 1848లో అమెరికాలో ఫాక్స్ అక్కచెల్లెళ్లు ఇంట్లో టకటకమని చప్పుళ్లు వినిపిస్తుంటే, అవి ఆత్మల జవాబులన్నారు. దొరలు, దొరసానులు బల్లల చుట్టూ చేరారు. ఊరూరా అదే వ్యాపారమయింది. నలభై ఏండ్లకు, 1888లో, వాళ్లలో మార్గరెట్ అనే ఆమె సభలోకి వచ్చి, ఆ చప్పుళ్లు మా కాలివేళ్ల కీళ్లవని విరిచి వినిపించింది. నాకు ఆ కథలో చప్పుడు గుట్టు కంటే ఆమె నలుగురిలో నిలబడి ఒప్పుకోవడం ముచ్చటగా ఉంటుంది. ఇప్పటి ఫోను స్వాములలో ఒక్కడు అట్లా స్టేజీ ఎక్కమనండి చూద్దాం.

2022లో కాంతార సినిమా వచ్చింది. హిందూపురానికి కన్నడం పక్కిల్లే కదా, జనం విరగబడి చూశారు. తుళునాట భూతకోలంలో దైవం మనిషి మీదికి వచ్చి ఊరి పెద్దను భూమి సంగతి అడుగుతుంది. హాల్లో మావాళ్లు కొందరు ఊగిపోయారు, ఈలలు వేశారు. టికెట్టు కొని మరీ చూసినవాళ్లు, అదే పని చేసే మనిషి మన వీధిలోకి వస్తే గేటు వేసుకుంటారు. తుళునాటి దైవం గొప్పది, మన సోదమ్మ అడుక్కునేది. ఎందుకంటే తెర మీది దైవం పక్కవాడి భూమి సంగతి అడుగుతుంది, వాకిట్లో సోదమ్మ మన భూమి సంగతి అడుగుతుంది.

జాతరలూ అంతే. ఉరుముల స్థానంలో డీజే పెట్టెలు. ఆ మోతకు దేవత పూనదు, గుండెపోటు వస్తుంది. పూనకం వచ్చిన మనిషి చుట్టూ నలుగురు పట్టుకునేవాళ్లు పోయి, నలభైమంది వీడియో తీసేవాళ్లు వచ్చారు. ఆమె ఏం అన్నదిరా అని అడిగాను ఒకణ్ణి. "పాటలో వినబడలేదు తాతా, వ్యూస్ బాగా వచ్చాయి" అన్నాడు. ఊరమ్మ ఊరితో మాట్లాడటానికి వస్తే వినే చెవి లేదు, చూసే కళ్లు మాత్రం వేలల్లో. నయం, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి రంగంలో పచ్చికుండ మీద నిలబడే అమ్మ ఇన్ని కెమెరాల ముందు కూడా పూజలు సరిగ్గా చేయడం లేదని తిట్టడం మానలేదు. ఆ తిట్టు వింటే నాకు ప్రాణం లేచొస్తుంది.

ఇంతలా మెచ్చుకుంటున్నానని మా కాలమంతా బంగారమనుకోకండి. దేవత పేరు చెప్పి ఆడపిల్లను బసివిగా వదిలేసిన కాలం అదే. పెండ్లయిన కొత్తలో నోరు పడిపోయిన పిల్లను దయ్యమని చింతబరికెతో కొట్టించిన కాలం అదే. ఒళ్లంతా పొక్కులొస్తే అమ్మవారు వచ్చిందని వేపాకు కట్టి కూర్చునేవాళ్లం. టీకాలు వచ్చి 1975 నాటికి దేశంలో మశూచి తుడిచిపెట్టుకుపోయాక గానీ ఆ అమ్మ మమ్మల్ని వదల్లేదు. మనసుకు జబ్బు చేస్తే బెంగుళూరు నిమ్హాన్స్‌కు తీసుకుపొమ్మని ఇప్పుడు నేనే పదిమందికి చెబుతాను. మందు ఇవ్వాల్సిన చోట మందే ఇవ్వాలి. కానీ వెనక గదిలో గంజి తాగే పెద్దజేజికి ఏ మాత్ర రాసిస్తారు?

అన్నిటికీ మించిన వింత మొన్న మా మనవరాలు చెప్పింది. చనిపోయినవాళ్ల గొంతు రికార్డులు, వాళ్లు రాసిన మెసేజులు ఇస్తే, కంప్యూటరు అచ్చం వాళ్లలాగే మాట్లాడుతుందట. "అవ్వ గొంతు నా ఫోన్లో ఉంది తాతా, కావాలంటే చేయిద్దాం" అంది.

"తిడుతుందా?" అని అడిగాను.

"ఎందుకు తిడుతుంది? నీకు ఎట్లా కావాలంటే అట్లా మాట్లాడుతుంది."

"అయితే అది మీ అవ్వ కాదు" అన్నాను. పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. నలభైయెనిమిదేండ్ల కాపురంలో ఆమె నాకు ఎట్లా కావాలంటే అట్లా మాట్లాడిన రోజు ఒక్కటీ లేదు.

ఆ మాట మనసులో తిరుగుతుండగానే, నాలుగు రోజుల తర్వాత, ధర్మవరంలో మా కూతురింటి గేటు ముందు ఒక ఆడమనిషి ఆగింది. చంకలో బుట్ట. వాకిట్లో పట్టుచీరకు కుచ్చులు కడుతున్న మా కూతురు తలెత్తకుండానే "ఏం లేదు, పో" అంది. బుట్టలో స్టీలు గిన్నెలు, సవరానికి కొనే వెంట్రుకలు ఉన్నాయి. మోచేతుల దాకా పచ్చబొట్లు చూసి నేనే గేటు తీసుకుని బయటికి వెళ్లాను.

"సోది చెబుతావామ్మా?"

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "మా అమ్మ చెప్తాండె. ఇప్పుడెవురు అడుగుతారు నాయనా? ఎంటికలుంటే ఇయ్యి, గిన్నె ఇస్తా."

"నీకు రాదా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత బుట్ట దించి, గిన్నెలు పక్కకు జరిపింది. అడుగున గుడ్డ మూట. అందులోంచి మూరెడు కర్ర, అరిగి నున్నగా మెరుస్తూ. నేను లోపలికి వెళ్లి చేటలో బియ్యం పోసుకొచ్చాను. తమలపాకు లేదు, వక్క లేదు, అణా అసలే లేదు. మెట్టు మీద ఆమెకెదురుగా కూర్చుని చెయ్యి చాపాను.

"ఎవర్ని పిలవమంటావు నాయనా?"

నాలుక చివర్లోనే ఉంది పేరు. మూడేండ్లయింది ఆ పేరు పెట్టి పిలిచి. ఆసుపత్రిలో ఆఖరి రెండు రోజులు "కొంచెంసేపు నా కాడ కూచో" అని ఆమె అడగడం, నేను బిల్లులని, సంతకాలని, ఫోన్లని బయటే తిరగడం. ఆ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. లోపల మా కూతురు ఉంది. కిటికీలో మనవడు, చేతిలో ఫోను, వీడియో తీస్తున్నాడో ఏమో. కర్ర నా అరచేతికి తగలబోయింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"బియ్యం పోసుకోమ్మా, ఊరికే" అన్నాను. ఆమె నా మొహం చూసి ఏమీ అడగలేదు, కొంగు పట్టింది. గేటు వేసి లోపలికి వస్తే మనవడు అడిగాడు, "ఏమంటోంది తాతా?"

"ఏముంది, సోది" అన్నాను.